అట్లాస్ కొండ ఊళ్ళలో పిల్లల పోషణ లోపం కొలవడం ఎలా: రంగుల టేపు ఒక్కటే నమ్ముకుంటే కుదరదు

మొరాకో హై అట్లాస్ కొండల్లో అమాజిగ్ ఊళ్ళకి (బయటివాళ్ళు బెర్బర్లు అంటుంటారు) పిల్లల పోషణ సర్వేకి వెళ్ళేవాళ్ళు ముందు బుర్రలోకి ఎక్కించుకోవాల్సింది ఒకటే. అక్కడ బక్కచిక్కిపోయిన పిల్లలు చాలా తక్కువ, వయసుకి తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు ఎక్కువ. 2018 జాతీయ సర్వే ప్రకారం మొరాకోలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఎత్తు లోపం ఉన్నవాళ్ళు 15 శాతం దాకా ఉన్నారు, ఎత్తుకి తగ్గ బరువు లేనివాళ్ళు 3 శాతం కూడా లేరు. అది దేశం మొత్తం సగటు, పల్లెలు విడిగా చూస్తే ఎత్తు లోపం పట్నాల కన్నా బాగా ఎక్కువ.

మన అంగన్‌వాడీ అనుభవంతో వెళ్ళేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. మన దేశంలో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎత్తు లోపం 35.5 శాతం, ఎత్తుకి తగ్గ బరువు లేకపోవడం 19.3 శాతం, అంటే రెండూ గట్టిగానే ఉన్నాయి, కాబట్టి జబ్బకి రంగుల టేపు (చేతి చుట్టుకొలత చూసి బక్కతనం పట్టేది, ఆకుపచ్చ అంటే బానే ఉన్నట్టు, పసుపు ఎరుపు అంటే లోపం) చుట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట పసుపో ఎరుపో తగులుతుంది. అట్లాస్‌లో అదే టేపు పట్టుకుని ఊరంతా తిరిగితే దాదాపు అందరికీ ఆకుపచ్చే వస్తుంది, ఈ ఊళ్ళో ప్రాబ్లం ఏం లేదు అని రిపోర్ట్ రాసేసి కొండ దిగిపోతారు, వెనకాల నాలుగేళ్ళ పిల్ల మూడేళ్ళు కూడా నిండని పిల్లంత ఎత్తులో నిలబడి చూస్తూ ఉంటుంది.

అందుకే ఇందులో ఎత్తు కొలిచే బోర్డు, పుట్టిన తేదీ, టీ గ్లాసు, ఈ మూడింటి గురించే ఎక్కువ చెప్తాను. మిగతావి ఏ మాన్యువల్‌లో అయినా దొరుకుతాయి, అవి త్వరగా చెప్పేస్తా.

వెళ్ళే ముందు: పర్మిషన్, మనుషులు, సీజన్

అక్కడ ఊరిని దువార్ అంటారు. దువార్‌లోకి ఎవరు పడితే వాళ్ళు వెళ్ళి పిల్లల్ని కొలిచేస్తామంటే కుదరదు. ముందు ఎథిక్స్ కమిటీ, తర్వాత ఆ ప్రావిన్స్ ఆరోగ్య శాఖ (అజిలాల్, అల్ హౌజ్, చిచావా, తరూదాంత్, మిదెల్త్, ఏదైతే అది), ఆ తర్వాత ఖాయిద్, ఖాయిద్ కింద ఊరిని చూసుకునే ముఖద్దమ్. మన తహసీల్దారు, వీఆర్వో లాంటి వరసే అనుకోండి. కాయితాలు అయిపోయాయి కదా అని ఆగకూడదు, ఊరి పెద్దల సభ ఉంటుంది, జమాఆ అంటారు, వాళ్ళ ముందు కూర్చుని ఎందుకు వచ్చాం, పిల్లలకి సూది గుచ్చుతామా లేదా, చివర్లో ఊరికి ఏం చెప్తాం అనేది విడమర్చి చెప్పాలి. 2023 సెప్టెంబర్ 8 రాత్రి వచ్చిన 6.8 తీవ్రత భూకంపం తర్వాత అల్ హౌజ్, తరూదాంత్ వైపు ఊళ్ళకి బయటి నుంచి బోలెడుమంది వచ్చారు, పేర్లు రాసుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. కాబట్టి మళ్ళీ ఎవరో పేర్లు రాసుకోడానికొచ్చారు అనే చూపు ఉంటే అది మీ మీద కోపం అనుకోకండి. పిల్లల పేర్లు, ఆరోగ్య వివరాలు రాసుకుంటున్నారు కాబట్టి వ్యక్తిగత డేటా మీద అక్కడి 09-08 చట్టం కూడా వర్తిస్తుంది, ఫామ్ మీద పేరు బదులు కోడ్ నంబర్ వేసి, పేర్లు విడిగా తాళం వేసి పెట్టుకోవడం మంచిది.

టీమ్‌లో కొలిచేవాళ్ళు, అడిగేవాళ్ళు ఆడవాళ్ళే ఉండాలి, ఇందులో రాజీ లేదు. మగవాళ్ళు సామాను మోయొచ్చు, డేటా ఎక్కించొచ్చు, ఊరి మగవాళ్ళతో మాట్లాడొచ్చు. భాష సంగతి ఇంకా ముఖ్యం. పడమటి వైపు కొండల్లో తషెల్హీత్, మధ్య తూర్పు వైపు తమాజిగ్త్. అమాజిగ్ భాషకి 2011 రాజ్యాంగంతో అధికార హోదా వచ్చింది గానీ, ఫామ్‌లన్నీ ఫ్రెంచ్‌లోనో అరబిక్‌లోనో ఉంటాయి, కొండ మీద చాలామంది తల్లులకి ఆ రెండూ రావు. సర్వే చేసే అమ్మాయి ఫ్రెంచ్ ఫామ్ చూసి అక్కడికక్కడ తషెల్హీత్‌లోకి మార్చుకుంటూ అడిగితే ఒక్కో ఇంట్లో ఒక్కో ప్రశ్న అవుతుంది. ప్రశ్నలన్నీ ముందే ఆ ఊరి మాటలో అనుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, అందరూ అదే అడిగేలా ప్రాక్టీస్ చేయించాలి.

సీజన్ విషయానికొస్తే, నడి చలికాలంలో మంచు పడి దారులు మూసుకుపోతాయి. చలికాలం ఆఖరు నుంచి కొత్త బార్లీ కోతకొచ్చేదాకా ఇంట్లో నిల్వలు అడుగంటుతాయి, ఎత్తు పెరిగేకొద్దీ కోత ఆలస్యం. వేసవిలో కొన్ని కుటుంబాలు గొర్రెలు మేకలతో పై గడ్డి మైదానాలకి, అగ్దల్ అంటారు, వెళ్ళి అక్కడ అజీబ్ అనే రాతి గుడిసెల్లో ఉంటాయి. మీరు ఆగస్టులో వెళ్ళి ఊళ్ళో ఉన్న పిల్లల్ని మాత్రమే కొలిస్తే మందల మీద బతికే ఇళ్ళ పిల్లలు మొత్తం జారిపోతారు. రంజాన్‌లో ఇంటి తిండి వేళలు మారిపోతాయి కాబట్టి ఆహారం ప్రశ్నలకి ఆ నెల పనికిరాదు. ఏ సీజన్ ఎంచుకున్నా ఫర్లేదు, రెండోసారి వెళ్ళినప్పుడు అదే సీజన్‌లో వెళ్ళాలి, లేకపోతే తేడా పిల్లల్లో వచ్చిందా సీజన్‌లో వచ్చిందా అనేది ఎవరికీ తెలీదు. వారం సంత రోజున, సూక్ అంటారు, మగవాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోతారు. తల్లులతో నింపాదిగా మాట్లాడ్డానికి అది మంచి రోజే, కాకపోతే ముందు రోజే ఇంటి పెద్దతో చెప్పి ఉంచుకోవాలి.

సామాను

ఎత్తు బోర్డు (పడుకోబెట్టి, నిలబెట్టి రెండు రకాలుగా కొలవగలిగేది), తల్లీబిడ్డని కలిపి తూచి తల్లి బరువు తీసేసే డిజిటల్ కాటా, జబ్బ టేపులు, ఎక్స్‌ట్రా బ్యాటరీలు, పెన్సిళ్ళు (చలికి పెన్నులు మొరాయిస్తాయి), దుప్పట్లు, చేతులు వేడి చేసుకోడానికి ఏదన్నా. రోడ్డు ఆగిపోయాక బోర్డు కంచరగాడిద మీద ఎక్కాలి, ఆ కుదుపులకి చెక్క బోర్డు కీళ్ళు వదులవుతాయి. అందుకని పొడవు కచ్చితంగా తెలిసిన ఇనప కడ్డీ ఒకటి వెంట పెట్టుకుని రోజూ పొద్దున బోర్డు మీద పెట్టి చూస్కోవాలి. కాటాకి కూడా తెలిసిన బరువు ఒకటి ఉండాలి. అది పోయిందా, ప్రతి ఊరి కొట్టులో నీలం కాయితం చుట్టిన రెండు కిలోల పంచదార దిమ్మ దొరుకుతుంది. దాంతో కాటాని సరిచెయ్యలేం గానీ, రోజూ అదే దిమ్మ పెట్టి నిన్నటికీ ఇవ్వాళ్టికీ అంకె మారిందా లేదా అని చూడ్డానికి బానే పనికొస్తుంది.

బయల్దేరే ముందు టీమ్‌కి పరీక్ష పెట్టాలి. పదిమంది పిల్లల్ని ప్రతి ఒక్కరూ రెండేసి సార్లు, మొదటి అంకె చూడకుండా కొలవాలి. ఒకే పిల్లకి ఒకే మనిషి రెండు కొలతల మధ్య పొడవులో 0.7 సెంటీమీటర్, బరువులో 100 గ్రాములు, జబ్బ చుట్టుకొలతలో అర సెంటీమీటర్ మించి తేడా వస్తే మళ్ళీ నేర్పించాలి. డిగ్రీలు చూసి ఎవరు కొలవాలో డిసైడ్ చెయ్యకండి, ఈ పరీక్ష చూసి చెయ్యండి.

ఎవర్ని కొలవాలి

చిన్న దువార్ అయితే ఐదేళ్ళ లోపు పిల్లలందర్నీ కొలిచెయ్యడమే ఉత్తమం. చాలా ఊళ్ళు కవర్ చెయ్యాలంటే ముందు ఊళ్ళని లాటరీ తీసి, తర్వాత ఊళ్ళో ఇళ్ళని లాటరీ తియ్యాలి. ఇక్కడ జనం చేసే అన్యాయం ఏంటంటే, లాటరీలో వచ్చిన ఊరికి నాలుగు గంటల నడక ఉందని తెలిసి, దాని బదులు రోడ్డు పక్క ఊరు వేసేసుకుంటారు. రోడ్డు పక్క ఊళ్ళో డిస్పెన్సరీ ఉంటుంది, కొట్టు ఉంటుంది, టూరిస్టుల డబ్బు ఉంటుంది, అసలు మనం వెతుకుతున్న పిల్లలు పైన ఉన్నారు. తాళం వేసిన ఇంటికి ఇంకోసారి వెళ్ళాలి, పక్కింటితో సరిపెట్టుకోకూడదు.

జబ్బుగా ఉన్న పిల్లల్ని, వైకల్యం ఉన్న పిల్లల్ని ఇంటివాళ్ళు లోపలే ఉంచేస్తారు, ఇంకెవరన్నా ఉన్నారా అని ఒక్కసారి అడిగితే చాలదు. తల్లికి మొత్తం ఎన్ని కాన్పులు, అందులో ఎంతమంది బతికి ఉన్నారు, వాళ్ళిప్పుడు ఎక్కడ ఉన్నారు, ఇలా వరసగా వస్తే ఎవరూ తప్పిపోరు, చనిపోయిన పిల్లల గురించి అడిగేటప్పుడు మాత్రం కాస్త నెమ్మదిగా.

వయసు: సర్వే మొత్తం దీని మీదే నిలబడుతుంది

బరువు-ఎత్తు పోలికకి వయసు అక్కర్లేదు. వయసు-ఎత్తు పోలికకి వయసే సగం. ఒక ఉదాహరణ చూడండి. ఒక మగపిల్లాడు పడుకోబెట్టి కొలిస్తే 80.5 సెంటీమీటర్లు ఉన్నాడు. వాడికి సరిగ్గా 24 నెలలైతే డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2006 ప్రమాణం ప్రకారం హద్దు 81.7, అంటే వాడు ఎత్తు లోపం కిందకొస్తాడు. వాడికి 20 నెలలే అయితే హద్దు 78.6, అంటే ఏ లోపం లేదు. పిల్లాడు అదే, బోర్డు అదే, నాలుగు నెలల తేడాకి రిజల్ట్ మారిపోయింది. ఊరంతా వయసు గుండుగుత్తగా రెండేళ్ళు, మూడేళ్ళు అని రాసుకుంటే ఆ శాతానికి అర్థం లేదు.

ముందు కాయితం అడగాలి. కుటుంబ రిజిస్ట్రేషన్ పుస్తకం ఉంటుంది, పిల్లల ఆరోగ్య కార్డు ఉంటుంది, టీకా తేదీలు ఉంటాయి. ఇంట్లో కాన్పైన పిల్లలకి రిజిస్ట్రేషన్ ఆలస్యంగా జరిగి, రిజిస్టర్ చేసిన రోజుకి దగ్గర్లో ఏదో తేదీ పడి ఉండొచ్చు, అందుకని పుస్తకంలో తేదీనీ మొదటి టీకా తేదీనీ తల్లి మాటనీ మూడూ పక్కన పెట్టి చూడాలి. మొదటి టీకా తేదీ పుట్టిన తేదీ కన్నా ముందుంటే సంగతి అర్థమైపోతుంది కదా.

కాయితం లేనప్పుడు సంఘటనల క్యాలెండర్. దీన్ని ఆఫీసులో కూర్చుని తయారు చెయ్యకూడదు, ఊరి ఆడవాళ్ళతో కూర్చుని చెయ్యాలి. కొండల్లో మూడు క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి. మొదటిది మన అందరిదీ. రెండోది చాంద్రమానం, పండగలు ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకి జరుగుతాయి. మూడోది వ్యవసాయ క్యాలెండర్, పాత జూలియన్ లెక్క, మామూలు తేదీకి 13 రోజులు వెనక నడుస్తుంది, అందుకే దాని కొత్త సంవత్సరం యెన్నాయెర్ జనవరి మధ్యలో వస్తుంది (2024 నుంచి మొరాకోలో ఆ రోజు ప్రభుత్వ సెలవు కూడా). డిసెంబర్ 25 నుంచి నలభై రోజుల చలిని లియాలి అంటారు, జూలై ఆఖర్లో మొదలయ్యే నలభై రోజుల ఎండని స్మాయెమ్ అంటారు. లియాలిలో పుట్టాడు అని తల్లి చెప్తే నెల దాదాపు దొరికినట్టే, ఏ ఏడాది అన్నదే తేల్చాలి.

ఏడాదికి గట్టి గుర్తులు కొన్ని ఉన్నాయి. బలి పండగ (ఈద్ అల్ అద్హా) మొరాకోలో 2021లో జూలై 21, 2022లో జూలై 10, 2023లో జూన్ 29, 2024లో జూన్ 17, 2025లో జూన్ 7. ఇందులో 2025 పండగ ఎవరూ మర్చిపోరు, ఏళ్ళ తరబడి కరువుతో మందలు తగ్గిపోయాయని రాజు ఆ ఏడాది గొర్రెని కొయ్యొద్దని కోరారు. 2022 డిసెంబర్‌లో మొరాకో టీమ్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సెమీఫైనల్ ఆడింది, తండ్రులకి ఆ రోజులు బాగా గుర్తుంటాయి, తల్లులకి అంత నమ్మకం లేదు. ఇక భూకంపం. పడమటి అట్లాస్‌లో ఏ పిల్లాడి గురించైనా, భూకంపానికి కడుపులో ఉన్నాడా, ఒళ్ళో ఉన్నాడా, నడుస్తున్నాడా అని అడిగితే తల్లి ఠక్కున చెప్తుంది. అయితే ఆ రాత్రి ఎవర్నో పోగొట్టుకున్న ఇల్లేమో ముందు ముఖద్దమ్‌ని అడిగి తెలుసుకుని, అలాంటి ఇంట్లో ఆ ప్రశ్న వదిలేసి పండగల మీద నుంచే రావాలి.

ఇంత చేసినా నెల పక్కాగా తేలని పిల్లలుంటారు. వాళ్ళకి అంచనా అని ఫామ్ మీద గుర్తు పెట్టి, వాళ్ళని కలిపి ఒకసారి, వదిలేసి ఒకసారి లెక్క చేసి చూడండి. రెండు అంకెలకీ దూరం ఎక్కువుంటే రిపోర్ట్‌లో ఆ మాట దాచకుండా రాయాలి.

ఎత్తు కొలవడం

రెండేళ్ళ లోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఆపైన నిలబెట్టి. నిలబడనని మారాం చేసిన పెద్ద పిల్లని పడుకోబెట్టి కొలిస్తే వచ్చిన అంకెలోంచి 0.7 తీసెయ్యాలి, చిన్న పిల్లని నిలబెట్టి కొలిస్తే 0.7 కలపాలి, ఎలా కొలిచారో ఫామ్ మీద తప్పకుండా రాయాలి.

అట్లాస్ ఇళ్ళు మట్టి, రాయి కట్టుబడి. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, లోపల చీకటి. వాకిట్లో వెలుతురు బానే ఉంటుంది గానీ చలిగాలి. కాబట్టి వంట గది గుమ్మం దగ్గర, పొయ్యి వేడి తగిలేచోట, బోర్డు కింద పలకల్లాంటి రాళ్ళు సర్ది ముందు లెవెల్ చేస్కోండి. బోర్డు మీద సన్నటి గుడ్డ పరవండి, చల్లటి చెక్క వీపుకి తగిలితే పిల్ల విల్లులా వంగిపోతుంది, ఇక ఆ కొలత పోయినట్టే.

పిల్లని తల్లే పడుకోబెట్టాలి. తల పక్కన తల్లి మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో చెవుల మీదుగా తల పట్టుకుని, నడినెత్తి తల పలకకి ఆనేలా చూడాలి, పిల్ల చూపు నిట్టనిలువుగా పైకి ఉండాలి, గడ్డం గుండె మీదకి వాలకూడదు, వెనక్కీ వేలాడకూడదు. కొలిచే అమ్మాయి ఎడం చేత్తో రెండు మోకాళ్ళు కలిపి మెత్తగా కిందకి నొక్కి, కుడి చేత్తో కాలి పలకని జరుపుకుంటూ వచ్చి రెండు మడమలూ ఆనగానే అంకె చదివేసెయ్యాలి. నెలల పిల్లల కాళ్ళు పూర్తిగా చాపుకోవు, బలవంతం చెయ్యొద్దు. పెద్ద పిల్లలు తన్నుతారు, ఒక్క కాలు ఆనినా సరే అని కొందరు రాసుకుంటారు, అలా వద్దు, తల్లి ఒళ్ళోకి ఇచ్చేసి రెండు నిమిషాలాగి మళ్ళీ. అంకె 0.1 సెంటీమీటర్ దాకా గట్టిగా చదవాలి, రాసే మనిషి తిరిగి గట్టిగా చెప్పి రాయాలి. ప్రతి పిల్లకీ రెండుసార్లు.

జడలు ఇంకో తలనొప్పి. నడినెత్తి మీద ముడి ఉంటే తీయించాలి, ఉన్ని టోపీ తీయించాలి. ఇక మెడలో తాయెత్తులు, చేతికి వెండి, అవి దిష్టికి కట్టినవి, మీ చేత్తో ముట్టుకోకండి, కొలతకి అడ్డం రాకపోతే అలాగే ఉండనివ్వండి, తూకంలో బరువు తేడా వచ్చేంత వెండి అయితే తల్లినే తియ్యమనండి. పిల్లని చూసి ఎంత ముద్దుగా ఉందో అని ఊరికే అనేస్తే తల్లి మొహం మారిపోతుంది, ముందు తబారకల్లా అనాలి, దిష్టి తగలకుండా దేవుణ్ణి తల్చుకునే మాట అది. పిల్ల బుగ్గన దిష్టి చుక్క పెట్టుకునే మనకి ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు. తల్లిని లల్లా అని పిలవండి, మర్యాదగా ఉంటుంది.

వీళ్ళ జాతే పొట్టి అండీ అనే మాట కింద పట్నాల్లో చాలామంది నోట వింటారు, చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. డబ్ల్యూహెచ్ఓ ప్రమాణం తయారు చేసిన ఆరు దేశాల్లో మన ఢిల్లీ ఉంది, ఒమన్ ఉంది, ఘనా ఉంది, నార్వే ఉంది. తల్లి ఆరోగ్యం, పాలు, శుభ్రత బావుంటే ఐదేళ్ళ లోపు పిల్లలు అన్ని చోట్లా దాదాపు ఒకేలా ఎదుగుతారని తేలింది. తల్లి పొట్టిగా ఉంటే బిడ్డ మీద ప్రభావం ఉండొచ్చు, అందుకే తల్లి ఎత్తు కూడా కొలిచి పెట్టుకోండి, కానీ ఆ తల్లి ఎందుకు పొట్టిగా ఉండిపోయింది అన్నది కూడా ఇదే కథ.

బరువు, జబ్బ, వాపు

బరువు 100 గ్రాముల దాకా. చలిలో పిల్లల్ని పూర్తిగా విప్పేస్తామంటే ఏ తల్లీ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే కరెక్ట్. ముందే తూచిన దుప్పటి తల్లి చేతికిచ్చి, దాంతో సహా తల్లి కాటా మీద నిలబడ్డాక కాటాని సున్నా చేసి, పిల్లని ఆ దుప్పట్లో చుట్టి ఇవ్వాలి. కాటా కింద గట్టి చెక్క పలక ఉండాలి, మట్టి నేల మీద అంకె నిలబడదు.

జబ్బ చుట్టుకొలత ఎడం చేతికి, భుజం ఎముకకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చెయ్యి వదులుగా వేలాడుతుండగా. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి 11.5 సెంటీమీటర్ల లోపుంటే శామ్ (తీవ్రమైన పోషణ లోపం), 11.5 నుంచి 12.5 లోపు మామ్ (ఓ మోస్తరు లోపం). టేపుని వద్దనట్లేదు, ప్రాణం మీదకొచ్చిన పిల్లని అదే పట్టిస్తుంది, అది తీసుకెళ్ళాల్సిందే.

రెండు పాదాల పైభాగంలో బొటనవేళ్ళతో మూడు సెకన్లు నొక్కి వదిలితే రెండు వైపులా గుంట ఉండిపోతే అది పోషణ లోపం వాపు, బరువు ఎంతున్నా తీవ్రమే. చలికి పిల్లల కాళ్ళు ఎర్రగా ఉబ్బి ఉండొచ్చు, గుంట పడకపోతే అది వేరే సంగతి.

తిండి ప్రశ్నలు: టీ గ్లాసు దగ్గర మొదలెట్టండి

నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా పిల్లకి ఏం పెట్టారు అన్నది అసలు పద్ధతి. ఆరు నుంచి 23 నెలల పిల్లలకి ఎనిమిది ఆహార గుంపుల్లో (తల్లిపాలు, ధాన్యం దుంపలు, పప్పులు గింజలు, పాల పదార్థాలు, మాంసం చేపలు, గుడ్లు, విటమిన్ ఏ ఉన్న కూరలు పళ్ళు, మిగతా కూరలు పళ్ళు) కనీసం ఐదు పడ్డాయా అని చూస్తారు.

అక్కడ బార్లీ రొట్టె (అగ్రుమ్), తగుల్లా అనే బార్లీ సంకటి, ఆలుగడ్డ, మజ్జిగ, ఆలివ్ నూనె, కొన్ని లోయల్లో అక్రోట్లు, ఆపిల్స్. ఐత్ బూగెమెజ్ లోయలో ఆపిల్ తోటలు బోలెడు, కానీ తోట ఉన్నంత మాత్రాన పండు పిల్ల నోట్లోకి పోయినట్టు కాదు, అది సంతకి పోయే సరుకు. అందుకని పండిస్తారా అని అడక్కండి, నిన్న పిల్ల తిందా అని అడగండి. ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెంలోంచి తింటారు, తజీన్ (మట్టి పాత్రలో వండే కూర) మధ్యలో మాంసం ఉంటుంది, చుట్టూ కూరగాయలు, చివర్లో పెద్దవాళ్ళెవరో మాంసం పంచుతారు. తల్లి మాంసం వండాను అంటుంది, నిజమే, పిల్లకి ఏ ముక్క వచ్చింది, ఎంత వచ్చింది, ఎవరు ఇచ్చారు అన్నది విడిగా అడిగితేనే తేలుతుంది.

ఇక టీ. అతాయ్ అంటారు, గన్‌పౌడర్ అనే రకం గ్రీన్ టీ, పుదీనా, పంచదార దిమ్మ పగలగొట్టి వేసిన ముక్కలు. పొద్దున, పొలం నుంచి వచ్చాక, చుట్టాలొస్తే, భోజనంతో, రోజంతా నడుస్తూనే ఉంటుంది. చిన్న పిల్లలకి రొట్టె ముక్క అందులో ముంచి పెట్టడం మామూలే. ఏం తిన్నాడు అని అడిగితే తల్లి టీ చెప్పదు, టీని ఎవరూ తిండి కింద లెక్కెయ్యరు కదా. కాబట్టి విడిగా అడగాలి, ఎన్ని గ్లాసులు, ఏ గ్లాసు (గ్లాసు తెచ్చి చూపించమనండి), భోజనంతోనా విడిగానా. ఎందుకంటే టీలో ఉండే పదార్థాలు ధాన్యంలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వవు, ఆ తీపికి చిన్న పొట్ట నిండిపోయి పాలకీ సంకటికీ చోటుండదు, పళ్ళు కూడా పోతాయి. ఇదొక్కటి సరిగ్గా అడిగితే మిగతా సగం ప్రశ్నలకి జవాబు దొరికినట్టే అని నా అభిప్రాయం. మీకు కూడా ప్రతి ఇంట్లో గ్లాసు చేతిలో పెడతారు, కాదనకండి, తాగుతూనే అడగండి. టీ మానెయ్యండి అని మాత్రం ఉపన్యాసం ఇవ్వకండి, చంటిదానికి ముందు పాలో సంకటో పెట్టి టీ పెద్దవాళ్ళకే ఉంచమంటే వింటారు.

తిండి ఒక్కటే కాదు, నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి, ఆ ఊటకి పైన పశువులుంటాయా, మందలు రాత్రి ఇంటి కింది భాగంలోనే కడతారా, గత రెండు వారాల్లో విరేచనాలు అయ్యాయా, ఇవి కూడా రాసుకోవాలి. మాటిమాటికీ విరేచనాలయ్యే పిల్లకి ఎంత పెట్టినా అది ఎత్తుగా మారదు.

రక్తం, ఉప్పు

వేలి చుక్కతో హిమోగ్లోబిన్ చూస్తే ఊరి ఎత్తు మర్చిపోవద్దు. కొండ మీద గాల్లో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఒళ్ళు హిమోగ్లోబిన్‌ని పెంచుకుంటుంది, అంకె బావున్నట్టు కనిపిస్తుంది. డబ్ల్యూహెచ్ఓ 2024 మార్గదర్శకాల ప్రకారం 1500 నుంచి 2000 మీటర్ల మధ్య ఊళ్ళో వచ్చిన అంకెలోంచి (డెసిలీటర్‌కి) 1.1 గ్రాములు తీసెయ్యాలి, 2000 నుంచి 2500 మధ్య అయితే 1.4. అంటే 1800 మీటర్ల ఊళ్ళో మూడేళ్ళ పిల్లకి 11.6 వస్తే బానే ఉంది అనుకోకూడదు, అసలు అంకె 10.5, రెండు నుంచి ఐదేళ్ళ లోపు హద్దు 11, అంటే రక్తహీనతే. రెండేళ్ళ లోపు పిల్లలకి హద్దు 10.5. వేలి నుంచి పిండి తీసిన చుక్క అంకెలు అటూ ఇటూ ఊగుతాయి, కుదిరితే నరం నుంచి తీసిన రక్తమే మేలు.

మొరాకోలో ఉప్పులో అయోడిన్ కలపడం 1995 నుంచి తప్పనిసరి. కానీ కొండల్లోనే రాతి ఉప్పు దొరుకుతుంది, తెలూయెత్ వైపు గనులు ఉన్నాయి, సంతలో ముడి ఉప్పు కొనుక్కుంటే అందులో కలిపింది ఉండదు. ప్రతి ఇంట్లో చిటికెడు ఉప్పు మీద టెస్ట్ కిట్ చుక్క వెయ్యండి, నీలం ఊదా రంగు వస్తే అయోడిన్ ఉన్నట్టు. ఎంతుందో ఆ కిట్ కచ్చితంగా చెప్పదు, ఉందా లేదా అంతే. మిల్లు పిండిలో కలిపే ఐరన్ సంగతీ ఇంతే, సొంత బార్లీ విసురుకునే ఇంటికి అది చేరదు.

అదే రోజు సాయంత్రం లెక్క

కొండ దిగాక చూద్దాం అనుకుంటే అయిపోయినట్టే, మళ్ళీ ఎక్కలేరు. రాత్రి బస చేసిన చోటే అంకెలు డబ్ల్యూహెచ్ఓ ఆంత్రో సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి చూడాలి. వయసు-ఎత్తు స్కోరు (ఆ వయసుకి ఉండాల్సిన సగటు ఎత్తుకి పిల్ల ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) మైనస్ 6 కన్నా కింద, ప్లస్ 6 కన్నా పైన వచ్చినవి చాలావరకు తప్పు కొలతలో తప్పు తేదీలో, పొద్దున్నే మళ్ళీ వెళ్ళి చూస్కోవాలి. ఎత్తుల చివరి అంకెలు చూడండి, సున్నా, ఐదు రెండూ కలిపి ఇరవై శాతం దగ్గర ఉండాలి, నలభై ఉంటే ఎవరో కంటి అంచనాతో రాసేస్తున్నారు. వయసుల్లో 24, 36, 48 నెలల దగ్గర కుప్ప పడితే క్యాలెండర్ సరిగ్గా వాడట్లేదు.

మైనస్ 2 కన్నా తక్కువుంటే ఎత్తు లోపం, మైనస్ 3 కన్నా తక్కువుంటే తీవ్రం. ఐదేళ్ళ లోపు పిల్లల్లో 20 శాతం దాటితే ఎక్కువ, 30 దాటితే చాలా ఎక్కువ కింద డబ్ల్యూహెచ్ఓ లెక్కేస్తుంది. కానీ ఒక ఊళ్ళో 40 మంది పిల్లల్లో పదిమంది వచ్చారు అంటే అది 25 శాతం అని ఢంకా బజాయించకండి, అంత చిన్న గుంపుకి అసలు అంకె 14 నుంచి 40 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఊరూరికీ ర్యాంకులు ఇవ్వడం అసలే వద్దు.

కొలిచాక ఏం చెయ్యాలి

శామ్ పిల్ల దొరికితే ఎక్కడికి పంపాలి, ఎవరు తీసుకెళ్తారు, బండి ఖర్చు ఎవరిది అన్నది సర్వే మొదలవ్వక ముందే రాసి ఉండాలి. వాపు ఉన్నా, తిండి ముట్టకపోయినా, మగతగా ఉన్నా, జ్వరం విరేచనాలతో నీరసించినా ఆ రోజే ప్రావిన్స్ హాస్పిటల్‌కి. ఇది తేల్చుకోకుండా కొండెక్కే టీమ్‌కి పర్మిషన్ ఇవ్వకూడదని నేనంటాను.

ఎత్తు లోపం ఉన్న పిల్ల తల్లికి చెప్పేటప్పుడు జాగ్రత్త. దానికి వారంలో తగ్గించే మందు లేదు, నీ పిల్ల పొట్టి అని చెప్పి వచ్చేస్తే ఆవిడ ఏం చెయ్యాలి? రెండేళ్ళ లోపు పిల్ల ఇంట్లో ఉంటే గుడ్డు, పప్పు, పాలు ముందు దాని వంతు అన్నది చెప్పొచ్చు, గర్భిణి ఉంటే ఆవిడ తిండి, ఐరన్ మాత్రల గురించి చెప్పొచ్చు. అత్తగారు పక్కనుండగా చెప్పండి, సంకటిలో ఏం పడాలో చాలా ఇళ్ళలో ఆవిడే డిసైడ్ చేస్తుంది.

జమాఆకి రిజల్ట్ చెప్పకుండా ఊరు వదలకూడదు. ఏ ఇల్లు ఏంటి అన్నది చెప్పకూడదు, మొత్తం మీద ఇంతమంది పిల్లలు, ఇంతమందికి ఎత్తు లోపం, ఊట దగ్గర పరిస్థితి ఇది, ఉప్పు పరిస్థితి ఇది అని వాళ్ళ భాషలో చెప్పాలి. ఊట చుట్టూ కంచె వేసుకోవడం లాంటివి ఊరు తనంతట తానే చేసుకోగలదు, అంకె చేతిలో ఉంటే కమ్యూన్ (మన పంచాయతీ లాంటిది) ఆఫీసుకి వెళ్ళి అడగడానికి కూడా పనికొస్తుంది.

మీ కొలతలు పిల్ల ఆరోగ్య కార్డులో తేదీతో సహా రాసివ్వండి, బరువుతో పాటు ఎత్తు కూడా, అంచనా వయసైతే అంచనా అని కూడా. ఎదుగుదల మారిందా అని చూడాలంటే కనీసం ఆరు నెలలు ఆగాలి, అంతకన్నా ముందు వచ్చే తేడా ఎదుగుదలలో వచ్చిందా కొలతలో వచ్చిందా అన్నది తేల్చడం కష్టం. ఆ తర్వాత వచ్చేది మీరు కాకపోవచ్చు, మొబైల్ మెడికల్ టీమ్ నర్సో ఇంకెవరో కావచ్చు, వాళ్ళకి ఆ కార్డు మీద రాసిన పాత ఎత్తు ఒక్కటే దిక్కు.